బావగారికిచ్చిన మాట

రామచంద్రపురం,
నందన నామ సంవత్సర మార్గశిర బహుళ పంచమి,
డిసెంబరు 1892.

మహారాజశ్రీ వియ్యంకులు జగన్నాథరావు పంతులుగారి సముఖానికి శ్రీరామమూర్తి అనేక నమస్కారాలతో విన్నవించుకునేది. ఈశ్వరుడి దయవల్ల ఇక్కడ మేమందరం కుశలం. తమరూ, చెల్లెమ్మగారూ, ఇంటిల్లిపాదీ కుశలమని తెలిస్తే సంతోషిస్తాం.

బావగారూ, మర్యాదలు ముగిశాయి కనుక ఇక మామూలు మాటల్లోకి దిగుతాను. మా సీతారామలక్ష్మీ, మీ పాపాయీ నిన్న సాయంత్రానికి ఇల్లు చేరారు. దారిలో పాపాయి తన కొయ్య బొమ్మను గౌతమిలో పారేసుకుని, పడవను వెనక్కి తిప్పమని పడవవాడికి హుకుం జారీ చేసిందట. వాడు తిప్పాడట కూడానూ. మూడేళ్ళు నిండని పిల్ల మాటకు పడవ వెనక్కి తిరిగిందంటే అది ఎవరి పోలికో నేను వేరే చెప్పక్కర్లేదు. మా ఇంట్లో పుట్టినవాళ్ళ మాటకు పెరట్లో ఆవు కూడా కదలదు. అమ్మాయికి తొమ్మిదో నెల వచ్చినా మొహం తేటగానే ఉంది. మా ఆవిడ అమ్మణ్ణి అప్పుడే మంత్రసానికి కబురు పెట్టింది.

ఇక వాళ్ళను దిగబెట్టడానికి వచ్చిన మీ పాలేరు అచ్చిబాబు సంగతి. కోటిపల్లి రేవు నుంచి బండి వెంట నడిచి వచ్చాడు కదా అని మా ఆవిడ మజ్జిగ ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ముందు మాట పుచ్చుకుని ఆ తరవాత మజ్జిగ పుచ్చుకోమని పెద్దయ్యగారు చెప్పారండి అన్నాడు. ఏం మాటరా అంటే, పాపాయిగారికి టీకాలు వెయ్యనని తమరు జంధ్యం పట్టుకుని చెప్పాలండి అని పాఠం అప్పగించాడు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. వాడి గొంతు ఎండిపోతుంటే ఎంతసేపని నిలబెడతాను. చెప్పాను. మీ అనుమతి లేనిదే పాపాయి ఒంటి మీద నా టీకాల కత్తి పడదు. కన్యాదానం చేసిననాడే అమ్మాయి మీ ఇంటిదైపోయింది, దాని కడుపున పుట్టినది పూర్తిగా మీది. మాతామహుడికి ముద్దు చేసే హక్కు తప్ప మరొకటి లేదని నాకూ తెలుసు.

మాట ఇచ్చాను కాబట్టి ఇప్పుడు మీతో పోట్లాడతాను.

మశూచి టీకాలు నిర్బంధం చెయ్యవద్దని మీరు దొరతనంవారికి రాసిన అర్జీ నకలు మొన్న మా ఊరి సత్రంలో చదివారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. మా భూమికి శిస్తు కట్టించుకున్నారు, కాలవ నీటికి తీరువ కట్టించుకున్నారు, ఆఖరికి ఉప్పుకు కూడా పన్ను కట్టించుకున్నారు, ఇక మా బిడ్డల ఒళ్ళు ఒక్కటే మాకు మిగిలింది, దాని మీద కత్తి పెట్టే అధికారం ఎవరికీ లేదు అన్నచోట సత్రమంతా చప్పట్లు కొట్టింది. దాచడమెందుకు, నా చేతులూ లేవబోయాయి. అంత బాగా రాశారు. ఆ తరవాత ఒక పెద్దమనిషి లేచి, సామర్లకోట రైలు దారిలో వంతెనల కింద బలి ఇవ్వడానికే పిల్లల చేతుల మీద ఈ గుర్తులు పెడుతున్నారని చెప్పాడు. దానికీ చప్పట్లు కొట్టారు. మీ మాటకూ ఆయన కూతకూ ఒకే చప్పట్లు పడ్డాయి బావగారూ. మీరు ఆ పూట అక్కడ ఉంటే సిగ్గుపడేవారు.

మీ తమ్ముడుగారి కొడుకు సంగతి నేను మరిచిపోలేదు. టీకా వేసిన చెయ్యి వాచి, చీము పట్టి, ఆ జ్వరంలోనే పిల్లవాడు పోయాడు. అది అబద్ధమని నేను అనను. అది వాడి రాత అని కూడా అనను. ఆ వేసినవాడు ఊరి నుంచి ఊరికి కత్తి కడగకుండా తిరిగే మనిషి. వాణ్ణి తీసెయ్యమని నేను పైవాళ్ళకు రాస్తే, తీసెయ్యలేదు, మరో తాలూకాకు మార్చి ఊరుకున్నారు. మీకు ఉన్న కోపం న్యాయమైనది. కానీ ఆ కోపం వాడి మీదా, వాణ్ణి కాపాడినవాళ్ళ మీదా ఉండాలి. పాపాయి మీద పడకూడదు.

మా పని గురించి జనం ఏవేవో అనుకుంటారు. ఒక పిల్లవాడికి టీకా వేస్తే వారానికి చేతి మీద పొక్కు లేస్తుంది. ఆ పొక్కులో నీరు కత్తి మొనతో తీసి ఇంకో పిల్లవాడి చేతి మీద గీస్తాం. అంతే. ఎవరి చేతి నీరు ఎవరి చేతికి వెళుతుందన్నదే మీ అగ్రహారానికి పట్టిన బెంగ. సరే, మా పురోహితులవారి మనవడికి నిన్ననే వేశాను. వారం తిరిగాక వాడి చేతి నుంచే తీస్తాను, వేరే ఎవరిదీ తగలనివ్వను. మీరు ఊ అని ఒక్క ముక్క రాయండి. మాఘం వచ్చిందంటే ఈ తాలూకాలో ఏటా ఏదో ఒక ఊళ్ళో అమ్మవారు పోస్తూనే ఉంది. నేను వెళ్ళేసరికి ఎన్ని ఇళ్ళల్లో వేపమండలు కట్టి ఉన్నాయో చూసి వస్తూ ఉంటాను. మా ఇంటికి రాగానే పెరటి నూతి దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకుంటే కాని మా ఆవిడ గడప తొక్కనివ్వదు. ఊరందరి చేతులూ ముట్టుకుని వచ్చినవాణ్ణి కదా. ఆ స్నానం చేసేటప్పుడు మనసు ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

పాపాయి ఇప్పుడు నా పక్కనే కూర్చుని, కలం తనకు ఇమ్మంటోంది. ఉత్తరం మీ తాతగారికి అంటే, అయితే నేనే రాస్తాను అంటోంది. కింద మూల ఉన్న మరక దాని వేలిది.

మీ ఊ కోసం కాచుకుని ఉండే,
శ్రీరామమూర్తి


రామచంద్రపురం,
మాఘ శుద్ధ దశమి,
జనవరి 1893.

బ్రహ్మశ్రీ బావగారికి నమస్కారాలు. బాలింతా బిడ్డా కులాసా. పాపాయీ కులాసా. ఇప్పటికి.

మనవడు పుట్టాడని మీరు పంపిన బెల్లమూ, కొబ్బరికాయలూ, చెల్లెమ్మగారు పంపిన మెత్తటి పాత చీరలూ అందాయి. అల్లుడు వేంకటేశ్వర్లు బారసాలకు రాజమహేంద్రవరం నుంచి వచ్చి, కొడుకు చెవిలో పేరు చెప్పి, చదువు పోతుందని తిరిగి వెళ్ళాడు. తమ్ముడు వచ్చాడని పాపాయికి సంతోషమే కాని, వాడు లేచి ఆడుకోవడం లేదని కోపం. రోజూ పొద్దున్నే వెళ్ళి ఇంకా పెద్దవాడు కాలేదా అని వాళ్ళ అమ్మను అడిగి వస్తుంది.

మీ జవాబు నాలుగైదు సార్లు చదివాను. ఒకసారి ఊ అన్నవాడికి మళ్ళీ ఊహూ అనే హక్కు పోతుందనీ, ఇవాళ టీకా అన్నవాళ్ళు రేపు ఇంకొకటి అంటారనీ, ఎల్లుండి మన వంటిళ్ళలోకి వస్తారనీ రాశారు. పాపాయి ఒళ్ళు మీ ధర్మానికి ఆఖరి గడప అని రాశారు. బావగారూ, మీరు ప్లీడరు కావలసినవారు. మీ మాటల్లో తప్పు పట్టుకుందామని చూస్తాను, ఒక్కొక్క మాట విడిగా చూస్తే తప్పు దొరకదు. అన్నీ కలిపి ఆ పిల్ల వంక చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. కాలవ అవతల మాలపల్లెలో అమ్మవారు పోసింది. పోయిన వారం బంట్రోతును వెంటబెట్టుకుని, మునసబుగారిని తీసుకుని వెళ్ళాను. ఎప్పుడూ చేసే పనే. మునసబు పేర్లు పిలుస్తాడు, బంట్రోతు పిల్లవాణ్ణి ఒడిసి పట్టుకుంటాడు, నేను గీస్తాను. తల్లులు ఏడుస్తారు. ఆ ఏడుపు నాకు ఎంత అలవాటైపోయిందంటే, కత్తి తుడుచుకుంటూ వాళ్ళతో కబుర్లు కూడా చెప్పగలను.

ఈసారి మరిడమ్మ అనే ముసలిది మనవణ్ణి వీపు వెనక దాచుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది. బంట్రోతు కసిరాడు. ఆవిడ వాడి వంక చూడనే లేదు. నన్ను చూసి, అయ్యా, తవరి మనవరాలు ఊళ్ళోనే ఉందంట గదండీ, ఆ పాపగోరికి ఏశారా అని అడిగింది. నేను కత్తి తుడుచుకోవడంలో పడ్డాను. ఏశానని ఒక్క మాట చెప్పండయ్యా, ఈణ్ణి నేనే పట్టుకుంటాను, బంటోతు ఎందుకు అంది. నేను అబద్ధం ఆడలేకపోయాను. లేదమ్మా, వాళ్ళ తాతగారు ఒప్పుకోలేదు అన్నాను. అప్పుడు ఆవిడ, ఆళ్ళ తాతగోరినైతే అడిగారు, మమ్మల్ని అడగలేదేటండీ అంది.

బావగారూ, ఇరవై ఏళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. మీకు నమస్కారాలు పెట్టి, మర్యాదగా ఉత్తరాలు రాసి, ఊ అనండి మహాప్రభో అని దేబిరిస్తున్నాను. ఆ పల్లెలో ఏనాడూ ఎవరినీ ఏదీ అడగలేదు. మీరు అర్జీలో రాసిన ఆ హక్కు, ఒంటి మీద హక్కు, వాళ్ళకూ ఉంటుందని మీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. నేను కత్తి పెట్టెలో పెట్టేసి వచ్చాను. బంట్రోతు నన్ను వింతగా చూశాడు.

మర్నాటికి ఆ మాట ఊరంతా పాకింది. టీకాలవాడి ఇంట్లోనే టీకా లేదట. కోమట్ల వీధిలో తలుపులు వేసేసుకున్నారు. మిషను బడిలో ఆశీర్వాదం అనే పంతులు ఎప్పుడూ నా పక్షం మాట్లాడేవాడు, అతను కూడా మొహం చిన్నబుచ్చుకుని, అయ్యగారూ, పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారండి, నేనేం చెప్పమంటారు అన్నాడు. నేను మీకు ఇచ్చిన మాట నా ఇంటి గుట్టు అనుకున్నాను. అది వీధిలో పడింది.

దాన్ని వీధిలోకి లాగినవారిలో మీరూ ఉన్నారని నిన్న తెలిసింది. మీ రెండో అర్జీ కూడా సత్రంలో చదివారు. మా వియ్యంకులు స్వయంగా టీకాల ఉద్యోగి అయి ఉండి కూడా తమ సొంత మనవరాలికి వెయ్యలేదు, దీన్నిబట్టి ఇందులో ఎంత మేలు ఉన్నదో దొరతనంవారు గ్రహించవలెను అని రాశారు. నా చేతులు మీరే కట్టేసి, చూడండి ఈయన చేతులు ఎత్తడం లేదు అని లోకానికి చూపించారు. ఆ వాక్యం చదివేటప్పుడు జనం వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఈసారి చప్పట్లు లేవు, నవ్వారు. మీ మీద నాకు ఇంత కోపం ఎన్నడూ రాలేదు. ఇది చదివి మీకూ కోపం వస్తే రానివ్వండి, పడతాను.

అయినా మళ్ళీ అడుగుతున్నాను. పాపాయికి వేయనివ్వండి. లేదంటే మనిషిని పంపించి పిల్లను మీ ఊరు తీసుకుపొండి. బాలింతరాలు ఇప్పట్లో గౌతమి దాటకూడదు కాని పాపాయి దాటవచ్చు. రెండిట్లో ఏదో ఒకటి వెంటనే చెయ్యండి. మాట తప్పమని నన్ను నేను అడుక్కునే స్థితికి తేకండి.

శ్రీరామమూర్తి


రామచంద్రపురం,
ఫాల్గుణ బహుళ తదియ,
మార్చి 1893.

బావగారికి,

ఈ ఉత్తరం గుమ్మం బయటే నిలబడి చదవండి. చదివాక స్నానం చేసి లోపలికి వెళ్ళి చెల్లెమ్మగారికి నెమ్మదిగా చెప్పండి. పాపాయి మనకు దక్కలేదు.

కబురు మనిషి చేత ముందే అంది ఉండాలి. అందినా నా చేత్తో రాయవలసినది ఉంది.

నా రెండో ఉత్తరానికి మీరు రాసిన జవాబు పాపాయికి జ్వరం రావడానికి ముందే చేరింది. పిల్లను ఇప్పుడు పంపకండి, అమ్మవారు పోసిన ఊరి నుంచి వస్తే అగ్రహారంలో ఇంతమంది పసివాళ్ళు ఉన్నారు అన్నారు. ఆ మాట మీద నాకు కోపం లేదు. మీ స్థానంలో ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి. టీకా సంగతి ఒక్క అక్షరం రాయలేదు. దానితో పాటు విభూతి పొట్లం పంపించి, పిల్ల పేరున రోజూ పారాయణ చేస్తున్నానని రాశారు. చేసే ఉంటారు. మీకు దాని మీద ఎంత ప్రాణమో నాకు తెలుసు. ఆ విభూతి చివరి వరకూ దాని నుదుట పెట్టాం.

జ్వరం మొదట మామూలు జ్వరంలాగే వచ్చింది. ఒళ్ళు నొప్పులని ఏడ్చింది. తరవాత నుదుటి మీద పొక్కులు కనిపించాయి. అవి చూసిన మొదటి మనిషిని నేనే. చూసిన క్షణంలోనే నాకు ఇవి ఏమిటో, ఎటు పోతాయో తెలిసిపోయింది. ఏమీ తెలియని తాతనైనా కాకపోతినే అని అప్పుడు అనుకున్నాను. గుమ్మానికి వేపమండలు కట్టాం. పొయ్యి మీద తాళింపు వెయ్యలేదు, తల దువ్వుకోలేదు, పరాయివాళ్ళను రానివ్వలేదు. మీ ఇంట్లో ఎలా చేస్తారో అమ్మాయి చెబితే అలాగే అన్నీ చేశాం. పొక్కులు మొహమంతా కలిసిపోయి కళ్ళు మూసుకుపోయాయి. నన్ను గొంతు బట్టి గుర్తు పట్టేది. దాహం అనేది. నీళ్ళు ఇస్తే మింగలేకపోయేది.

మధ్యలో ఒక సంగతి జరిగింది, అది మీకు తెలియాలి. పొక్కులు కనబడిన రోజునే సీతారామలక్ష్మి చంటివాణ్ణి ఎత్తుకుని నా దగ్గరకు వచ్చింది. బావగారూ, ఈ మూడు నెలలూ మీరూ నేనూ ఇన్ని కాగితాలు ఖరాబు చేశాం. ధర్మం అన్నారు, హక్కు అన్నారు, మాట అన్నాను. ఆ పిల్లను కన్నది ఏమంటుందో మీరు అడగలేదు, నేనూ అడగలేదు. అది ఆరోజు నా ఎదుట నిలబడి, నాన్నగారూ, మీరు మాట ఇచ్చింది పాపాయి గురించి కదా, వీడు అప్పటికి పుట్టలేదు కదా, వీడికి వెయ్యండి, ఎవరు ఏమన్నా నేను పడతాను అంది. ఒక్క కన్నీటి బొట్టు లేదు దాని కంట్లో. నేను లాయరులాగా ఆలోచించి ఒప్పుకున్నానని మీరు అనుకుంటే అనుకోండి. వేశాను.

ఎవరి చేతి నుంచి తీశానో కూడా చెబుతాను. పురోహితులవారి మనవడి పొక్కు ఎప్పుడో ఎండిపోయింది. ఊళ్ళో నా చేత వేయించుకునేవాళ్ళే లేకపోయారు. ఆ మాఘంలోనే నేను బంట్రోతు లేకుండా ఒంటరిగా మాలపల్లెకు వెళ్ళి, అరుగుల మీద కూర్చుని, ఒక్కొక్కరినీ అడిగాను. ఎక్కువమంది పొమ్మన్నారు. అప్పటికే వాళ్ళు బిడ్డల్ని పూడ్చుకుంటున్నారు, నేను ఆలస్యంగా వచ్చిన మర్యాదస్థుణ్ణి. మరిడమ్మ ఒక్కతి మాత్రం మనవణ్ణి ముందుకు తోసింది. ఆ పిల్లవాడి చేతి మీద పొక్కు ఆనాటికి బాగా పండి ఉంది. కబురు పెడితే వాణ్ణి చంకన వేసుకుని మా పెరటి దాకా వచ్చింది. మా అమ్మణ్ణి పెరటి తలుపు తీసి, లోపలికి రా అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. మీ మనవడి చేతిలో ఇప్పుడు ఉన్నది ఆ పిల్లవాడి నీరు. చంటివాడు బతికి ఉన్నాడు, పాలు తాగుతున్నాడు. దీనికి మీరు ప్రాయశ్చిత్తం చేయిస్తారో, వాణ్ణి వెలి వేస్తారో మీ ఇష్టం.

పాపాయి మొన్న తెల్లవారే ముందు పోయింది. చిన్నపిల్ల కనుక దహనం లేదు. కాలవ గట్టు అవతల, ఊరి శ్మశానంలో ఒక వారగా పూడ్చాం. గొయ్యి తవ్వే మనిషి అమ్మవారి ఇంటికి రానన్నాడు. నేనూ ఆశీర్వాదమూ తవ్వాం.

ఇప్పుడు ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది, అది మీ దాకా తప్పకుండా వస్తుంది. అందుకే ఈ ఉత్తరం. టీకాలవాడు వియ్యంకుడికి తెలియకుండా చాటుగా మనవరాలికి వేశాడట, అది వికటించి పిల్ల పోయిందట. నిన్న సత్రం అరుగు మీద అంటుంటే నేనే విన్నాను. నన్ను చూసి కూడా ఆపలేదు. నమ్మకండి బావగారూ. నేను వెయ్యలేదు. చాటుగా వేశానన్న ఆ అబద్ధమే నిజమై ఉంటే ఎంత బాగుండేది, పిల్ల ఇవాళ పెరట్లో తిరుగుతూ ఉండేది. మీకు ఇచ్చిన మాట నేను నిలబెట్టుకున్నాను. లోకంలో మాట నిలబెట్టుకున్నందుకు ఇంత అసహ్యం వేసిన మనిషి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మీరు అర్జీ వెనక్కి తీసుకోండని అడగను. దొరతనాన్ని నమ్మవద్దనడం మీ హక్కు. బంట్రోతు చేత పిల్లల్ని పట్టించే దొరతనాన్ని నేను కూడా ఇక సమర్థించలేను, ఉద్యోగం వదులుకుంటానో లేక అడిగి వేసే పద్ధతి నేర్చుకుంటానో ఇంకా తేల్చుకోలేదు. రెండో అర్జీలో నా ఇంటి గురించి రాసిన వాక్యం ఒక్కటి మాత్రం కొట్టెయ్యండి. దాన్ని నమ్మి పిల్లలకు వేయించనివాళ్ళు ఈ తాలూకాలో ఉన్నారు. వాళ్ళు మీ వాక్యాన్ని నమ్మలేదు, నా ఇంటిని నమ్మారు.

సీతారామలక్ష్మిని ఎప్పుడు పంపుతారని నన్ను అడగకండి. అది అమ్మాయే చెప్పవలసిన మాట.

ఇట్లు,
శ్రీరామమూర్తి

మళ్ళీ రాసేది:

ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. ఇంకొకరికి కూడా ఒక మాట ఇచ్చి ఉన్నాను. పాపాయి కోసం కూడా మాట తప్పని నేను ఇప్పుడు ఈ మాట తప్పుతున్నాను.

అల్లుడు వేంకటేశ్వర్లు బారసాలకు వచ్చినప్పుడు, బయలుదేరే ముందు నన్ను పెరటి వసారాలోకి పిలిచాడు. రాజమహేంద్రవరంలో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకున్నాడట, టీకా వేయించుకోనివాళ్ళను తీసుకోరట. మామగారూ, నాకు వేసెయ్యండి, నాన్నగారికి మాత్రం తెలియనివ్వకండి అన్నాడు. సరేనని మాట ఇచ్చాను. వేశాను. ఎవరి చేతి నుంచి తీశారని కూడా అడగలేదు. బాగా పట్టిందని తరవాత రాశాడు. ఎడమ జబ్బ మీద మచ్చ ఉంటుంది, ఉత్తరీయం తీయించి చూడండి. పాపాయికి కూడా వెయ్యమను నాయనా, తండ్రివి నువ్వు అంటే చాలు అన్నాను. దాని సంగతి నాన్నగారు చెప్పాలండి అన్నాడు.

పాపాయి అక్కడే ఉంది. నాన్న చేతి మీద గీయడం అంతా దగ్గరగా నిలబడి చూసింది. చూసి, రవిక చెయ్యి భుజం దాకా పైకి లాక్కుని, నాకో తాతయ్యా అంటూ చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకుని, రవిక కిందికి దించి, నీకు అక్కర్లేదమ్మా అన్నాను.